బొమ్మల పుస్తకాలూ, మన పాఠకులూ

బొమ్మలతో చెప్పే కథను సాహిత్య విమర్శకుడు పట్టించుకోవలసిన అవసరం వున్నదా? మనలో చాలామంది దీన్ని వొక ప్రశ్నగానే అంగీకరించరు. బొమ్మల కథలు పిల్లలవి, అక్షరం మీద పట్టు చిక్కగానే వాటిని వదిలెయ్యాలి, పెద్దయినా వదలనివాడి చదువు ఎక్కడో ఆగిపోయినట్టే – ఇదీ మామూలు అభిప్రాయం. మొన్నమొన్నటి దాకా నా అభిప్రాయమూ ఇదే. అది మారటానికి కారణం ఏ సిద్ధాంత గ్రంథమూ కాదు. తరగతిలో నేను చేసిన వొక పొరపాటు.

మాది చిట్టమూరు. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మార్చారు గాని, మా మాటా, మా యాసా, మా వరి చేలూ, రొయ్యల గుంటలూ నెల్లూరు తీరానివే. నేను పాఠం చెప్పే కళాశాలకు చుట్టుపక్కల పల్లెల నుంచీ, సముద్రపు వొడ్డు కుప్పాల నుంచీ పిల్లలు వస్తారు. తమ ఇళ్లలో కళాశాల గడప తొక్కిన మొదటి తరం వాళ్లది. వొకనాడు ప్రబంధ యుగం మీద పాఠం చెబుతుంటే వెనక బల్లలో వొక కుర్రాడు పాఠ్యపుస్తకం కింద మరో పుస్తకం పెట్టుకొని చూస్తున్నాడు. లాక్కున్నాను. అట్ట చినిగిన పురాణ బొమ్మల కథ. ‘డిగ్రీకి వచ్చి యీ బొమ్మలేమిటి?’ అని నలుగురిలో చీవాట్లు పెట్టి, పుస్తకం బీరువాలో పడేశాను. వారం తరవాత అతను గది బయట నిలబడి, ‘సార్, ఆ పుస్తకం నాది కాదు, మా అమ్మది. రోజూ అడగతా వుంది’ అన్నాడు.

ఆ తల్లి 1991లో నెల్లూరు జిల్లాలో జరిగిన అక్షర దీపం కార్యక్రమం నాటి రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. తరవాత బడి పోయింది, అక్షరాలు మిగిలినవి. వార్తాపత్రికలోని సన్నటి అచ్చు ఆమెకు కొరుకుడు పడదు. బొమ్మ వుంటే, బొమ్మ పక్కన రెండు ముక్కలు వుంటే చదువుతుంది. ముప్పై యేళ్లకు పైగా ఆమె అక్షరాలు మరిచిపోకుండా కాపాడింది నేను లాక్కున్నటువంటి పుస్తకాలే. నేను చెప్పే ప్రబంధమూ కాదు, నేను రాసే విమర్శా కాదు.

పుస్తకం తిరిగి ఇచ్చాను. ఇచ్చే ముందు చదివాను. భర్త మాట జవదాటని వొక ఇల్లాలు ఎన్నో కష్టాలు పడుతుంది. అవన్నీ పూర్వజన్మ ఫలమని వోర్చుకొంటుంది. వోర్చుకున్నందుకు ఆఖరి పుటలో దేవుడు ప్రత్యక్షమై వరమిస్తాడు. యీ వ్యాసానికి మూలమైన ప్రశ్న నాకు అప్పుడే తోచింది: దీనితోపాటు ఇది కూడా చదువమ్మా అని ఆమెకు పంపటానికి నా దగ్గిర ఏ పుస్తకం వున్నది?

ఇది చిన్న ప్రశ్న అనుకొనేవాళ్లు మా జిల్లా చరిత్రను వొకసారి గుర్తు చేసుకోవాలి. అక్షరాస్యతా వాచకాల పద్ధతి మనకు తెలుసు. ముందు బొమ్మ, బొమ్మ మీద చర్చ, చర్చలోంచి మాట, మాటలోంచి అక్షరం. ఆ బడుల్లో చదివిన సీతమ్మ కథ, భర్త తాగుడు వల్ల నాశనమైన వొక ఆడదాని కథ, దూబగుంట వంటి వూళ్లలో ఆడవాళ్ల చేత సారా దుకాణాలు మూయించింది. 1992 నాటికి ఆ వుద్యమం జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం చేత సారా నిషేధం పెట్టించింది. కూలికి పోయే ఆడవాళ్ల చేతిలోని పల్చటి వాచకం చేసిన పని మన మహాకావ్యాలు ఎన్ని చేయగలిగినవి? సారా అమ్మేవాళ్లు పాఠకురాలి శక్తిని వెంటనే గుర్తించారు. ఆమెకు తరవాత ఏం చదవమని ఇవ్వాలో ఆలోచించనిది మనమే. మనం వదిలేసిన ఆ చోటును కర్మ సిద్ధాంతం నింపింది.

అభ్యుదయవాదులకు బొమ్మల కథల మీద వున్న అనుమానానికి ఒక చరిత్ర వున్నది. దాన్ని కొట్టిపారెయ్యటం న్యాయం కాదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అమెరికా నుంచి హింసా, జాతిద్వేషమూ నిండిన కామిక్స్ వరదలా వచ్చి పడినప్పుడు, బ్రిటన్‌లో వాటి మీద ఆందోళన చేసినవాళ్లలో కమ్యూనిస్టులు ముందున్నారు. 1955లో అక్కడ పార్లమెంటు వాటిని అరికట్టే చట్టం చేసింది. ఆ ఆందోళన సగమే సరైనది. ఆ పుస్తకాల్లోని విషాన్ని వాళ్లు సరిగానే పోల్చుకున్నారు. కాని విషం వున్నది గిన్నెలో పోసిన పదార్థంలో. వాళ్లు పగలగొట్టజూసింది గిన్నెను.

దీనికంటె మెరుగైన మార్గం చిలీ చూపించింది. ఆయెందే ప్రభుత్వ కాలంలో, 1971లో, ఆరియెల్ డోర్ఫ్‌మన్, అర్మాన్ మత్తలార్ అనే ఇద్దరు విమర్శకులు డొనాల్డ్ డక్ కథలను వరసపెట్టి చదివి వొక పుస్తకం రాశారు. ఆ బాతుల లోకంలో మేనమామలే గాని తల్లిదండ్రులు వుండరు. డబ్బు వుంటుంది గాని దాన్ని పుట్టించిన శ్రమ కనపడదు. దూరదేశాల ప్రజలు నిధులను అప్పనంగా అప్పగించే అమాయకులుగా వుంటారు. పిల్లల నవ్వు వెనక సామ్రాజ్యవాదం తన లోకాన్ని ఎట్లా సహజమైనదిగా చూపించుకొంటుందో వాళ్లు పుటపుటకూ నిరూపించారు. 1973లో సైనికులు అధికారం లాక్కున్నాక తగలబెట్టిన పుస్తకాల్లో అదీ వొకటి. మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటున్నది. ఆ ప్రభుత్వం జాతీయం చేసిన కిమాంతు అనే ప్రచురణ సంస్థ విమర్శతో ఆగలేదు. పిల్లల కోసం కాబ్రొచీకో వంటి బొమ్మల పత్రికలను తానే తెచ్చింది. విమర్శ, ప్రత్యామ్నాయం – రెండు చేతులూ వుంటేనే పని జరుగుతుంది. మన దగ్గిర మొదటి చెయ్యి కూడా సరిగా ఆడలేదు.

బొమ్మల కథ మనది కాదు, పడమటి దేశాల నుంచి వచ్చిందనే వాదం వొకటి తరచు వినిపిస్తుంది. చిట్టమూరులో కూర్చుని యీ మాట నమ్మటం కష్టం. మా ప్రాంతం మీదుగా సముద్రంలో కలిసే స్వర్ణముఖి వొడ్డునే పైన శ్రీకాళహస్తి వున్నది. అక్కడి కలంకారీ పనివాళ్లు కరక్కాయా, పాలూ పట్టించిన నూలుగుడ్డ మీద వెదురు కలంతో రామాయణం గీశారు. మధ్యన పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా గదులు, గదికొక ఘట్టం, వరసకొక తెలుగు రాత. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దపు కాళహస్తి గుడ్డలు ఇటువంటివి వున్నవి. గదులుగా విడదీసిన బొమ్మ, ఆ బొమ్మను నడిపే రాత – నేడు గ్రాఫిక్ నవల అంటున్న దానికి ఇంతకంటె ఏం కావాలి? తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలను విప్పుతూ వొక్కొక్క కులానికి దాని పుట్టుపూర్వోత్తరాలు పాడి చెప్పే కథకులు వుండేవాళ్లు. లేపాక్షి కప్పు మీద కిరాతార్జునీయం బొమ్మల వరసగానే సాగుతుంది. మన జానపదులు బొమ్మను చదివారు. బొమ్మను చదవటం తక్కువ పని అని నేర్పింది బడి, అచ్చుపుస్తకం, వాటిని చేతిలో పెట్టుకున్న వర్గాలు.

ఆధునిక కాలంలో కూడా మనకు చెయ్యి తిరిగిన చిత్రకారులు లేకపోలేదు. తలిశెట్టి రామారావు గారు 1930ల నాటికే వ్యంగ్యచిత్రాన్ని తెలుగులో నిలబెట్టారు. బుజ్జాయి గారి డుంబును తెలుగు పిల్లలు మరిచిపోలేదు. ఆయన పంచతంత్రం బొమ్మల కథగా ఇలస్ట్రేటెడ్ వీక్లీలో దేశమంతా చదివింది. బాపు గీత లేకపోతే బుడుగుకు ముఖమే లేదు. మోహన్ తన బొమ్మను వుద్యమాల గోడల మీదికి, జెండాల మీదికి పంపాడు. ఇంతమంది వుండి కూడా పెద్దలు చదవదగిన దీర్ఘమైన బొమ్మల కథ మనకు వొక సంప్రదాయంగా ఎందుకు స్థిరపడలేదు?

కారణం ప్రతిభలో కాక ఆర్థిక పరిస్థితుల్లో వెతకాలి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామను చూడండి. చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు అక్కడ నెల జీతం మీద పనిచేశారు. సొంత ముద్రణాలయం, సినిమా పరిశ్రమ అండ వున్న సంస్థకు అది సాధ్యమైంది. ఇంకో సంగతి అభ్యుదయ పాఠకులు తరచు మరిచిపోతారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు గారు. సంపాదకుడుగా పేరు చక్రపాణి గారిది. శ్రమ కుటుంబరావు గారిది. మధ్యతరగతి జీవితాన్ని కోసి చూపించిన రచయిత, బొమ్మల పత్రికను తన స్థాయికి తక్కువ అనుకోకుండా ఇరవై ఎనిమిదేళ్లు దానికి ఖర్చు చేశాడు. ఆయన్ను గౌరవించే మనం ఆయన చేసిన ఆ పనిని మాత్రం జీవనభృతి కింద జమకట్టి వదిలేశాం. చందమామ 2013లో ఆగిపోయింది. అయినా చందమామలో బొమ్మ కథకు తోడు మాత్రమే. కథను అక్షరం నడిపేది. పుటలు పుటలుగా బొమ్మే కథను నడపాలంటే చిత్రకారుడికి ఏడాదో రెండేళ్లో తిండి కావాలి. కథకుడు రాత్రిపూట రాసుకోగలడు, పగలు వుద్యోగం చేసుకోగలడు. రెండు వందల పుటలు గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. వారపత్రికలు అతనికి బొమ్మకింత అని కూలి కట్టించినవి. కూలి లెక్కన నవల పుట్టదు.

ఆ ఖాళీలోకి 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన అమర్ చిత్ర కథ వచ్చింది. అది అనేక భాషల్లోకి, తెలుగులోకి కూడా ప్రవహించింది. లక్షల మంది పిల్లలకు చదివే అలవాటు చేసిందన్న మాట నిజమే. ఏం చదివించింది అన్నది చూడాలి. అక్కడ చరిత్ర అంటే రాజులు, వీరులు, భక్తులు, పతివ్రతలు. దేవతలు తెల్లగా, నాజూకుగా వుంటారు. రాక్షసులు నల్లగా, బండగా వుంటారు. మంటలో దూకే స్త్రీ పవిత్రతకు ప్రతిమ. పొలం దున్నేవాడు ఎప్పుడైనా కనపడితే రాజు గుర్రం పోయే దారి పక్కన దణ్ణం పెడుతూ కనపడతాడు. పిల్లవాడు అక్షరాన్ని ఎదిరించి వాదించగలడేమో గాని, బొమ్మతో వాదించటం వాడికి చేతకాదు. నలుపు చెడ్డదని ఎక్కడా రాయనక్కరలేదు. వెయ్యిసార్లు అట్లా గీస్తే చాలు. వెనక బల్లలో కూర్చునే నా విద్యార్థుల చర్మం ఏ రంగులో వుంటుందో నేను చెప్పనక్కరలేదు.

ఇక నేను చదవమని చెప్పే పుస్తకాల మాట. ఇవన్నీ నేను ఇంగ్లీషులోనే చదివాను. ఆ సంగతి తరవాత చెబుతాను.

మొదట చదవవలసింది భీమాయన. 2011లో నవయాన ప్రచురించింది. అంబేడ్కర్ తన అనుభవాలను చెప్పుకున్న వీసా కోసం నిరీక్షణ అనే చిన్న రచన దీనికి ఆధారం. మాటలు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లవి. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు దంపతులవి. నీళ్లు, నీడ, ప్రయాణం – మనిషికి కావలసిన యీ మూడింటి చుట్టూ కథ తిరుగుతుంది. 1901లో తండ్రి దగ్గిరికి బయలుదేరిన పిల్లలకు రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాడు బండి తోలడు, పిల్లలే తోలుకోవాలి. చేతిలో అన్నం మూట వుంటుంది, తాగటానికి నీళ్లు వుండవు. అమెరికాలో చదివి బరోడాలో వుద్యోగానికి వచ్చిన విద్యావంతుడికి తలదాచుకొనే గది దొరకదు.

యీ కథ మనకు తెలిసిందే. తెలియనిది దాన్ని చెప్పిన తీరు. ఆ చిత్రకారులు పుటను గళ్లుగా కోయటానికి ఒప్పుకోలేదు. మనుషులను పెట్టెల్లో బిగిస్తే వాళ్లకు వూపిరాడదన్నది వాళ్ల వాదం. తమ ఇళ్ల గోడల మీద వేసుకొనే అలంకారపు గీతలతోనే పుటను విడదీశారు. దాహంతో వున్న పిల్లవాడి వొళ్లు చేపగా మారుతుంది. రైలు పాముగా సాగుతుంది. మంచివాళ్ల మాటలు పిట్ట ఆకారపు బుడగల్లో వుంటవి. కులం విషం కక్కేవాళ్ల మాటల బుడగకు తేలు కొండి వుంటుంది. అంటరానితనాన్ని గురించిన కథలో, గీత కూడా ఎవరి హద్దులూ వొప్పుకోకపోవటం – రూపానికీ వస్తువుకూ వున్న సంబంధం మీద మనం ఎన్ని చర్చలు చేసినా ఇంతకంటె స్పష్టమైన వుదాహరణ దొరకదు. వస్తువు అభ్యుదయకరమైతే చాలు, రూపం ఎట్లా వున్నా ఫరవాలేదనే మన పాత బద్ధకానికి యీ పుస్తకం జవాబు.

దానితో కలిపి చదవవలసింది శ్రీవిద్యా నటరాజన్, అపరాజితా నినాన్‌తో కలిసి 2011లో తెచ్చిన ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌లాండ్. జోతిబా ఫూలే 1873లో రాసిన గులాంగిరి దీనికి మూలం. పురాణ కథలను కామిక్స్ ఏ భక్తితో గీస్తవో, అదే పురాణాలను ఫూలే వేసిన ప్రశ్నలతో ఇక్కడ తలకిందులు చేశారు. వాదం ఎక్కువై కథ పలచబడిన పుటలు కొన్ని వున్నవి. అయినా పురాణ బొమ్మల కథ చదివిన విద్యార్థి దీన్ని పక్కన పెట్టుకొని చదివితే తర్కం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఓరిజిత్ సేన్ 1994లో గీసిన రివర్ ఆఫ్ స్టోరీస్ మన దేశపు గ్రాఫిక్ నవలల్లో తొలినాటిది. చాలాకాలం దొరకకుండా పోయి 2022లో మళ్లీ అచ్చయింది. నర్మద మీది ఆనకట్టల వల్ల నిర్వాసితులయ్యే ఆదివాసులు దీని వస్తువు. మల్గు గాయన్ అనే పాటగాడు చెప్పే సృష్టి కథా, విష్ణు అనే పత్రికా విలేఖరి చూసే వర్తమానమూ రెండు పాయలుగా నడుస్తవి. ఆదివాసుల జీవితాన్ని మరీ మచ్చలేని బంగారంగా చూపించాడేమో అన్నది నా అభ్యంతరం. అయినా మా ప్రాంతపు పాఠకుడు దీన్ని చదివి వూరుకోలేడు. మాకు దగ్గిరలోనే శ్రీహరికోట వున్నది. రాకెట్ కేంద్రం కోసం 1970ల తొలి యేళ్లలో ఆ దీవి నుంచి ఎందరో యానాదులు కదలిపోవలసి వచ్చింది. పైకి లేచే రాకెట్టు బొమ్మ ప్రతి పిల్లవాడి పుస్తకంలోనూ వున్నది. ఆ నేల మీద దుంపలు తవ్వుకొని బతికినవాళ్ల బొమ్మ ఎవరి పుస్తకంలో వున్నది?

చిత్తప్రసాద్ గారి హంగ్రీ బెంగాల్‌ను యీ వరసలో చేర్చటం కొందరికి వింతగా వుండవచ్చు. 1943 కరువులో ఆయన మిడ్నపూరు జిల్లా కాలినడకన తిరిగి, చూసినదాన్ని గీసి, పక్కనే రాసి పుస్తకం చేశాడు. బ్రిటిష్ ప్రభుత్వం అయిదు వేల ప్రతులు పట్టుకొని తగలబెట్టింది. బొమ్మతో వార్త చెప్పటం నేడు జో సాకో పేరుతో ప్రసిద్ధమైంది. పాలస్తీనా ప్రజల మధ్య తిరిగి అతను గీసిన పుస్తకాన్ని తప్పక చదవాలి. కాని అతనికి యాభై యేళ్ల ముందే కమ్యూనిస్టు పార్టీ చిత్రకారుడు వొకడు మన దేశంలో ఆ పని చేశాడని మన విద్యార్థులకు చెప్పవలసినవాళ్లం మనం.

విదేశాల పుస్తకాల్లో మొదటిది కేజి నకజావా రాసిన బేర్‌ఫుట్ గెన్. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో అతనికి ఆరేళ్లు. తండ్రీ, అక్కా, తమ్ముడూ కూలిన ఇంటి కింద చనిపోయారు. 1973లో మొదలుపెట్టి తన కథనే గెన్ అనే పిల్లవాడి కథగా గీశాడు. ఇందులో బాంబు వేసిన అమెరికాను క్షమించలేదు. యుద్ధంలోకి దేశాన్ని ఈడ్చిన తన చక్రవర్తినీ, తన పాలకవర్గాన్నీ అంతకన్నా క్షమించలేదు. అందుకే జపాను పాలకులకు యీ పుస్తకం కంట్లో నలుసు. 2023లో హిరోషిమా నగరపు విద్యాశాఖే దీన్ని శాంతి పాఠాల నుంచి తొలగించింది. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది పెద్ద ప్రచురణకర్తలు కారు. 1976లో టోక్యోలో కలిసిన స్వచ్ఛంద శాంతి కార్యకర్తలు. యీ సంగతి మనకు ఎందుకు ముఖ్యమో చివర తెలుస్తుంది.

ఆర్ట్ స్పీగెల్‌మన్ మౌస్‌కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. హిట్లరు చెరలో తండ్రి పడ్డ బాధను ఎలుకలూ పిల్లుల కథగా చెప్పాడు. పంచతంత్రం మీద పెరిగిన తెలుగు పాఠకుడికి జంతువుల ముఖాలు కొత్త కావు. కాని జాతికొక జంతువు అనే పద్ధతిలో ప్రమాదం వున్నది. రచయితకు అది తెలుసు. అందుకే కొన్నిచోట్ల ఆ ముఖాలు దారంతో కట్టుకున్న మాస్కులని చూపిస్తాడు. 2022లో అమెరికాలోని టెనెసీలో వొక బడుల సంఘం దీన్ని పాఠాల్లోంచి తీసేసింది. బొమ్మల పుస్తకానికి పాలకులు ఎందుకు భయపడతారో అడగండి. బొమ్మల పుస్తకం విలువ తెలుస్తుంది.

మర్జాన్ సత్రపీ పర్సెపొలిస్‌లో చిన్నపిల్లకు ఇష్టమైన పుస్తకం గతితార్కిక భౌతికవాదం మీది కామిక్స్! ఆ పిల్ల వూహలో దేవుడూ మార్క్సూ దాదాపు ఒకే పోలికలో వుంటారు. నవ్వు వస్తుంది. ఆ వెంటనే వాళ్ల ఇంటి పనిపిల్ల మెహ్రీ కథ వస్తుంది. పక్కింటి కుర్రాడితో ఆమె ప్రేమ, ఆమె పనిమనిషి అని తెలియగానే తెగిపోతుంది. వామపక్ష భావాలు గల ఆ ఇంట్లో కూడా వర్గం గోడ వర్గం గోడే. మన ఇళ్లలో యీ పుట చదివి తలదించుకోవలసినవాళ్లు చాలామంది వున్నారు. సిద్ధాంతాన్నే బొమ్మల్లో చెప్పిన మెక్సికో చిత్రకారుడు రియుస్‌ను కూడా చేర్చాలి. 1972లో అతను తెచ్చిన మార్క్స్ పరిచయం ప్రపంచమంతా తిరిగింది. మన అధ్యయన తరగతుల్లో నిద్రపోయే కుర్రవాళ్లకు అది మంచి మందు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. యీ పుస్తకాలు నేను ఎవరికి చెబుతున్నాను? ఇంగ్లీషు వచ్చిన అధ్యాపకుడికి. చిట్టమూరు తల్లికి కాదు. ఆమె కొడుక్కి కూడా అంతంతమాత్రమే. కనుక పుస్తకాల జాబితా ఇచ్చి చేతులు దులుపుకుంటే నేను చేసింది ఏమీ లేదు.

మేము వొక పని చేశాం. నా సొంత భీమాయన ప్రతి తీసుకొని, నీళ్ల భాగంలోని మాటలను విద్యార్థుల చేత తెలుగు చేయించి, చీటీల మీద రాయించి, బుడగల మీద అంటించాం. అప్పుడు రెండు సంగతులు తెలిసినవి. మొదటిది, తెలుగు అక్షరానికి పైన తలకట్టూ గుడీ, కింద వత్తూ వుంటవి. ఇంగ్లీషు పెద్దక్షరాలు నాలుగు వరసలు పట్టే బుడగలో మన అక్షరాలు రెండు వరసలు పట్టటం కష్టం. వాక్యం కురచ కావాలి. రెండోది, గ్రాంథికపు వాసన వున్న వాక్యం ఎంత కోసినా కురచ కాదు. ‘నాకు మిక్కిలి దాహముగా వున్నది’ అని రాసిన చీటీ బుడగలో పట్టలేదు. సముద్రపు వొడ్డు పల్లె నుంచి వచ్చే అమ్మాయి దాన్ని పీకి, ‘నీళ్లియ్యిమా, గొంతెండిపోతాంది’ అని రాసింది. పట్టింది. పట్టటమే కాదు, బొమ్మకు వూపిరి వచ్చింది. గిడుగు రామమూర్తి గారు గెలిచిన వాదాన్ని మన బొమ్మల కథలు ఇంకా వినలేదు. వాటిలో నేటికీ రాజూ, బంటూ, రైతూ అందరూ ఒకే పుస్తకాల భాష మాట్లాడుతారు. బుడగ కొలతే మనల్ని ప్రజల భాషలోకి నెడుతుంది. సహాధ్యాపకులు వొకరు ఆ చీటీ చూసి, ‘ఇది తెలుగు శాఖ చేయవలసిన పనేనా?’ అన్నారు. ఇంతకంటె తెలుగు శాఖ చేయవలసిన పని నాకు తెలియలేదని చెప్పాను.

ఆ చీటీల పుస్తకాన్ని కుర్రాడి చేత వాళ్ల అమ్మకు పంపాను. పది రోజులు ఆమె దగ్గిర వున్నది. తిరిగి వచ్చాక ఏమన్నదని అడిగాను. ‘నీళ్లడిగిన పిల్లకాయ చేపెట్టా అయినాడో చూడరా అనింది సార్. మళ్లీ, ఇదంతా బాగుండాది గాని దీంట్లో మన దొరువు బొమ్మ లేదే అనింది’ అన్నాడు.

నేను చదివిన విమర్శల్లో ఇంత సూటి విమర్శ తక్కువ. ఆ వూళ్లో ఏ దొరువులో ఎవరు ముంచుకోవచ్చో, ఎవరు గట్టున నిలబడి పోయించుకోవలసి వచ్చేదో ఆమెకు తెలుసు. మంచి నీళ్లు రొయ్యల గుంటల వల్ల ఉప్పెక్కిన తీరూ తెలుసు. పులికాట్, చిలక సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల గుంటలు కూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు చదవటం ఆమెకు రాదు. కాని దాన్ని బొమ్మల్లో చెబితే ఏ గుంట ఎవరిదో, ఎంత దూరంలో వున్నదో వేలుపెట్టి చూపించగలిగేది ఆమే. దూబగుంట ఆడవాళ్లకు సీతమ్మ కథ చేసింది ఇదే: తమ జీవితాన్ని తమకే ఎదురుగా నిలబెట్టి చూపించింది.

కనుక మిత్రులకు నేను చేసే సూచనలు మూడు. మొదటిది, ప్రతి అధ్యాపకుడూ తన కళాశాల గ్రంథాలయానికి యీ ఏడాది భీమాయన, బేర్‌ఫుట్ గెన్ తెప్పించాలి. తెప్పించి బీరువాలో తాళం వేయకుండా తరగతిలో అందరి ముందూ పుట తిప్పి చదవాలి. రెండోది, హిరోషిమా కథను స్వచ్ఛంద కార్యకర్తలు ఇంగ్లీషులోకి తెచ్చినట్టే, మన సంఘం శాఖలు హక్కుదారుల అనుమతి తీసుకొని వొక్కొక్క పుస్తకాన్ని తెలుగు చేయటానికి పూనుకోవాలి. పండితుల తెలుగులోకి కాదు, బుడగలో పట్టే తెలుగులోకి. మూడోది అన్నిటికన్నా కష్టమైనది. వొక కథకుణ్ణీ, వొక చిత్రకారుణ్ణీ కలిపి కూర్చోబెట్టి, ఏడాది పాటు ఆ చిత్రకారుడి తిండి ఖర్చును మనం చందాలు వేసుకొని భరించాలి. మహాసభల పందిళ్లకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుంటే ఇది అసాధ్యం కాదు. శ్రీకాళహస్తిలో గదులు గదులుగా రాముణ్ణి గీసిన చేతుల వారసులు ఇప్పటికీ వున్నారు. వాళ్లకు గీయటానికి కొత్త కథ ఇవ్వవలసింది మనం.

నేను లాక్కున్న పుస్తకం ఇప్పుడు ఆ తల్లి దగ్గిరే వున్నది. దాన్ని ఆమె చదువుతుంది, చదవనివ్వండి. దాని పక్కన పెట్టటానికి, దొరువు బొమ్మ వున్న వొక్క పుస్తకం మనం ఆమెకు బాకీ వున్నాం.